మట్టి లేని మట్టి, దాపరికం లేని విద్య

పాలిమర్ క్లే అనే పేరులో క్లే ఉంది గానీ, ఆ పదార్థంలో మట్టి రవ్వంత కూడా ఉండదు. అది మన ఇళ్ళల్లో నీళ్ళ పైపులకి వాడే పీవీసీయే. పీవీసీ పొడికి, దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి ప్లాస్టిసైజరూ, రంగులూ కలిపితే చపాతీ పిండి లాంటి ముద్ద వస్తుంది. దాన్ని పూసలుగా, లోలాకులుగా చేసుకుని, కేకులు చేసుకునే చిన్న ఓవెన్‌లో సుమారు 130 డిగ్రీల దగ్గర ఓ అరగంట ఉంచితే గట్టిపడిపోతుంది. అంతే. కొలిమి అక్కర్లేదు, గురువు అక్కర్లేదు, పెద్ద పెట్టుబడీ అక్కర్లేదు.

మా ఇంట్లో ఈ పని మా ఆవిడది. నా వాటా పక్కన కూర్చుని చూడటం వరకే. అలా చూస్తున్నప్పుడు నన్ను పట్టుకున్నది ఆ పూసల అందం కాదు, ఆ పాఠాలు. ఎక్కడో అమెరికాలోనో, చెక్ దేశంలోనో కూర్చున్న ఒకావిడ, ఈ రంగు ఇంత, ఆ రంగు అంత, ఇక్కడ మడవండి, ఇక్కడ కొయ్యండి అని ఫోటోలతో సహా ఊరికే చెప్పేస్తోంది. అదే పద్ధతి ఒకప్పుడు వెనిస్‌లో బయటికి పొక్కితే రాజ్యం శిక్షలు వేసేది! శతాబ్దాల తరబడి గుట్టుగా దాచిన విద్య అరగంట పాఠం ఎలా అయింది? నా దృష్టిలో ఇది నగల కథ కాదు. జ్ఞానాన్ని దాచుకోవడానికీ, పంచుకోవడానికీ మధ్య జరిగిన కథ. సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి మనకి బాగా తెలిసిన గొడవే.

ముందు ఆ పద్ధతేమిటో చూద్దాం. తాపేశ్వరం మడత కాజా ఎలా చేస్తారో తెలుసుగా? పిండిని పల్చగా వత్తి, చాపలా చుట్టి, ఆ చుట్టని ముక్కలుగా కోస్తారు. ఏ ముక్క చూసినా అదే చుట్ట ఆకారం కనిపిస్తుంది. ఒక్కసారి చుడితే చాలు, ఎన్ని ముక్కలు కోస్తే అన్ని కాజాలు. పాలిమర్ క్లేలో కేన్ అనేది సరిగ్గా ఇదే. రంగురంగుల ముద్దల్ని పక్కపక్కన పేర్చి, అడ్డంగా కోస్తే పువ్వో, ఆకో, మొహమో కనిపించేలా ఒక లావుపాటి దిమ్మె కడతారు. తరవాత దాన్ని అన్ని వైపులా సమానంగా నొక్కుతూ సాగదీస్తారు. లోపలి బొమ్మ చెదరకుండా చిన్నదవుతుంది. 8 సెంటీమీటర్ల వ్యాసం, 5 సెంటీమీటర్ల పొడవు ఉన్న దిమ్మెని 2 సెంటీమీటర్ల వ్యాసానికి సాగదీస్తే పొడవు 80 సెంటీమీటర్లవుతుంది. 2 మిల్లీమీటర్ల మందాన కోస్తే 400 పువ్వులు. ఒక ఫంక్షన్ రాసి 400 సార్లు పిలిచినట్టు!

ఈ ఆలోచన పాలిమర్ క్లే వాళ్ళది కాదు, గాజు పనివాళ్ళది. రెండు వేల ఏళ్ళ కిందట ఈజిప్టులో రంగు గాజు కడ్డీల్ని కట్టగా పేర్చి, వేడి చేసి, సాగదీసి, అడ్డంగా కోసి బొమ్మలు తీసేవాళ్ళు. వాళ్ళ తెలివి చూడండి. నాటకాల్లో పెట్టుకునే ముసుగుల మొహాలు చెయ్యాలంటే మొత్తం మొహం కట్టేవాళ్ళు కాదు, సగమే కట్టేవాళ్ళు. ఆ కడ్డీ నుంచి రెండు ముక్కలు కోసి, ఒకదాన్ని తిరగేసి పక్కన అతికిస్తే పూర్తి మొహం తయారు. కోడ్‌ని మళ్ళీ మళ్ళీ వాడుకోవడం మనం కనిపెట్టామని అనుకుంటాం గానీ :-)

రోమన్ల కాలంలో ఈ మొజాయిక్ గాజు గిన్నెలు గొప్పవాళ్ళ ఇళ్ళకి చేరాయి. తరవాత గాజుని గొట్టంతో ఊది చేసే పద్ధతి వచ్చింది. అది చవక, తొందరగా అయ్యే పని. దాంతో కష్టమైన ఈ పాత పని వెనకబడిపోయింది.

ఇక వెనిస్ సంగతి. 1291లో వెనిస్ ప్రభుత్వం గాజు కొలిములన్నిటినీ ఊరి నుంచి మురానో ద్వీపానికి మార్చింది. అసలు కారణం అగ్నిప్రమాదాల భయం. కానీ దాని వల్ల ఇంకో లాభం కలిసొచ్చింది. పనివాళ్ళంతా ఒక్క చోట ఉంటే, వాళ్ళ మీద కన్నేసి ఉంచడం తేలిక. పనివాడు అనుమతి లేకుండా పరాయి దేశం వెళ్ళి కొలిమి పెట్టుకోకూడదు, కిటుకులు బయటికి చెప్పకూడదు. మన ఆఫర్ లెటర్లలో ఉండే కట్టుబాట్లకి ముత్తాతలు ఇవే. బదులుగా వాళ్ళకి సమాజంలో మంచి హోదా ఉండేది. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి విద్య అందేది.

ఆడవాళ్ళ పేరు వినపడటం అరుదైన ఆ లోకంలో ఒక పేరు మాత్రం నిలిచింది. మరియెట్టా బరోవియెర్. 15వ శతాబ్దం చివర్లో ఆవిడ సొంతంగా చిన్న కొలిమి పెట్టుకునేందుకు అనుమతి పొందింది. అడ్డకోతలో నక్షత్రం కనపడే రొసెట్టా పూసని కనిపెట్టిన ఘనత ఆవిడకే ఇస్తారు. ఆ పూసలు తరవాతి శతాబ్దాల్లో ఓడలెక్కి ఆఫ్రికాకీ, అమెరికాలకీ వెళ్ళాయి. వెనిస్ పూసలకి బదులుగా ఆఫ్రికాలో బంగారం తీసుకున్నారు, ఏనుగు దంతం తీసుకున్నారు, మనుషుల్ని కూడా తీసుకున్నారు. ఒక పూస కిటుకుని అంత గట్టిగా ఎందుకు కాపాడారో అర్థం కావాలంటే ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. అది అలంకారం కాదు, డబ్బు. నాణేల అచ్చుని ఎవరైనా ఊళ్ళో పంచిపెడతారా?

మరి దాపరికం పనిచేసిందా? కొంత కాలం పనిచేసింది. 1660లలో ఫ్రాన్స్ మంత్రి కోల్బెర్ మురానో అద్దాల పనివాళ్ళని డబ్బు ఆశ చూపి పారిస్‌కి రప్పించాడు. 1665లో రాజు అండతో అద్దాల కంపెనీ మొదలైంది. వెర్సాయ్ రాజభవనంలోని అద్దాల మందిరం ఆ కంపెనీ సరుకుతోనే తయారైంది. ఇవాళ్టి సెయింట్ గోబెయిన్ ఆ కంపెనీ వారసురాలే. ఎక్కువ జీతం ఇచ్చి పక్క కంపెనీ వాళ్ళని లాక్కోవడం మన హైటెక్ సిటీలో పుట్టలేదన్నమాట.

దాపరికానికి ఉన్న రెండో జబ్బు ఇంకా పెద్దది. విద్య కొద్దిమంది చేతుల్లోనే ఉంటే, ఆ చేతులు ఆగిన రోజున అదీ ఆగుతుంది. 19వ శతాబ్దం మధ్యలో జాకొమో ఫ్రాంకీనీ అనే వెనిస్ పనివాడు సెంటీమీటరు కూడా లేని గాజు ముక్కలో గారిబాల్డీ, కావూర్ లాంటి వాళ్ళ మొహాలు పోలికలతో సహా తెప్పించాడు. 1860లలో అతని మనసు దెబ్బతింది, ఆ పని అక్కడితో ఆగింది. విన్సెంజో మొరెట్టి లాంటి వాళ్ళు 1870లలో పాత రోమన్ గిన్నెల ముక్కల్ని చూసి ఆ గాజుని మళ్ళీ చెయ్యడం సాధించారు. ఒకసారి మనుషులకి తెలిసిన విద్యనే మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాల్సి వచ్చిందన్నమాట. డాక్యుమెంటేషన్ లేని పాత కోడ్ మీద పనిచేసిన వాళ్ళకి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ప్లాస్టిక్ వైపు వద్దాం. జర్మనీలో కేటె క్రూసె అని బొమ్మల తయారీలో పెద్ద పేరున్నావిడ. 1939లో ఆవిడ దగ్గరికి బేకలైట్‌కి బదులుగా వాడొచ్చంటూ ఒక ప్లాస్టిక్ ముద్ద వచ్చింది. ఫ్యాక్టరీ పనికి అది నప్పలేదు. కూతురు సోఫీ దాన్ని తీసుకుని ప్రయోగాలు చేసింది. ఇంట్లో ఆవిణ్ణి ఫిఫి అనేవాళ్ళు. తరవాత ఆ మిశ్రమం ఎబర్‌హార్డ్ ఫాబర్ కంపెనీకి చేరి ఫిమో అనే పేరుతో బజారుకొచ్చింది. ఫిమోలో ‘ఫి’ ఆ ఫిఫిదే. అమెరికాలో కథ ఇంకా తమాషా. 1960ల మొదట్లో ఒక కంపెనీ ట్రాన్స్‌ఫార్మర్లలో వేడిని బయటికి లాగే పదార్థం కోసం ఒక ముద్ద తయారుచేసింది. ఆ పనికి అది పనికిరాలేదు. స్కల్పీ అనే క్లే దాన్నుంచే పుట్టింది. రెండు చోట్లా అనుకున్న పనికి అక్కరకి రాక మూలపడ్డ సరుకే!

చాలా కాలం ఇది పిల్లల ఆటవస్తువే. 1970, 80లలో అమెరికాలో కొందరు కళాకారులు దీన్ని పట్టుకున్నారు. పియెర్ వోల్కస్, టోరీ హ్యూస్, కాథలీన్ డస్టిన్, సిటీ జెన్ కేన్ అనే పేరుతో జంటగా పనిచేసిన స్టీవెన్ ఫోర్డ్, డేవిడ్ ఫోర్లానో మొదలైనవాళ్ళు. మురానో వాళ్ళు వెయ్యి డిగ్రీల వేడిలో చేసింది వీళ్ళు వంటింటి బల్ల మీద చెయ్యొచ్చని గ్రహించారు. గాజు చల్లబడితే పగులుతుంది, ఆలోచించుకోడానికి టైమివ్వదు. ఈ ముద్ద ఇవాళ సగం చేసి, వచ్చే వారం మిగతా సగం చేసినా ఏమీ అనదు. ముద్దని పల్చగా వత్తడానికి ఇటలీ వాళ్ళ పాస్తా మిషన్ దొరికింది. తీగలా తియ్యడానికి వాడే పరికరం ఒకటుంది, అచ్చం మన జంతికల గొట్టమే, బిళ్ళలతో సహా. (అన్నట్టు, క్లేకి వాడిన గొట్టాన్ని మళ్ళీ జంతికలకి వాడకండి. ఆ పనిముట్లు వేరుగా ఉండాలి.)

1991లో నాన్ రోష్ ‘ద న్యూ క్లే’ అనే పుస్తకం తెచ్చింది. అప్పటిదాకా తలా ఒకరి దగ్గరా ఉన్న పద్ధతులన్నీ ఒక్క చోట చేరాయి. లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ సంగతి లోకానికి చెప్పింది కూడా 1991లోనే. ఒకదానికొకటి సంబంధం లేకపోయినా, ఆ ఏడాది గాలిలో ఏదో ఉందనిపిస్తుంది.

ఈ కళాకారులు మురానో దారిలో ఎందుకు వెళ్ళలేదు? వాళ్ళంతా పుణ్యాత్ములు అనేస్తే సరిపోదు. నాకు తోచిన కారణాలు మూడు. ఒకటి, దాచడానికి కాపలా లేదు. ముడిసరుకు ఏ బొమ్మల కొట్లో అయినా దొరుకుతుంది, పూసని కోసి చూస్తే పద్ధతి సగం తెలిసిపోతుంది. రెండు, వాళ్ళలో చాలామందికి వస్తువులు అమ్మడం కంటే క్లాసులు చెప్పడం మీద వచ్చే సంపాదనా ముఖ్యమే. చెప్పేది ఎక్కువైతే నేర్చుకునేవాళ్ళూ ఎక్కువవుతారు. మూడు, కళల లోకం ప్లాస్టిక్‌ని చిన్నచూపు చూసేది. పదిమందీ చేస్తేనే దానికి గౌరవం. ఒక్కడే దాచుకుంటే అది ఎప్పటికీ పిల్లల ఆటగానే మిగిలిపోతుంది. అంటే పంచుకోవడం వాళ్ళకి త్యాగమూ, లాభమూ రెండూనూ. ఓపెన్ సోర్స్ కూడా ఇలాగే కదా నిలబడింది!

ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం స్కిన్నర్ బ్లెండ్. ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మెల్లిగా, అంచు తెలియకుండా మారాలి. మొదట్లో ఏం చేసేవాళ్ళంటే, నీలంలో కొంచెం పసుపు, ఇంకొంచెం పసుపు అంటూ పది పన్నెండు ముద్దలు విడివిడిగా కలిపి వరసగా పేర్చేవాళ్ళు. గంటల పని. 1990లలో జూడిత్ స్కిన్నర్ అనే ఆవిడ దీనికి చిట్కా కనిపెట్టింది. నీలం ఒక లంబకోణ త్రిభుజం, పసుపు ఒక లంబకోణ త్రిభుజం కోసి, రెంటినీ కర్ణాల దగ్గర కలిపి దీర్ఘచతురస్రం చెయ్యండి. కింది అంచుని పైకి మడిచి మిషన్‌లో పెట్టి వత్తండి. మళ్ళీ అదే దిక్కున మడవండి, వత్తండి. ఓ ఇరవై, పాతిక సార్లు. ఆఖరికి ఎడమ చివర అచ్చమైన నీలం, కుడి చివర అచ్చమైన పసుపు, మధ్యలో అన్ని ఆకుపచ్చలూ!

ఎందుకు పనిచేస్తుందో చూడండి. ఎప్పుడూ కింద నుంచి పైకే మడుస్తాం కాబట్టి ఎడమ వైపున్నది కుడికి రాదు. నిలువు గీత లాంటి ప్రతి వరసా తనలో తానే కలుస్తుంది. ఆ వరసలో నీలం ఎంత, పసుపు ఎంత అన్నది త్రిభుజం వాలే చెబుతుంది. మధ్య వరసలో సగం సగం, పావు దూరంలో ముప్పావు నీలం, పావు పసుపు. మనం స్కూల్లో చదివిన సరళరేఖ సమీకరణమే ఇది, పాస్తా మిషన్‌లో నడుస్తోంది. ఒక దిక్కున తిప్పి మడిచారా, లెక్క మొత్తం చెడింది. మడత దిక్కు మారకూడదని పాఠాల్లో అన్నిసార్లు చెప్పేది అందుకే.

జూడిత్ స్కిన్నర్ దీన్ని దాచుకోలేదు, అందరికీ చెప్పేసింది. మిగతావాళ్ళు దానికి ఆవిడ పేరు పెట్టారు. ఇవాళ ఏ దేశంలో ఎవరు ఆ పాఠం చెప్పినా ‘స్కిన్నర్ బ్లెండ్ చెయ్యండి’ అనే మొదలుపెడతారు. మురానోలో కొన్ని వందల మంది ఎన్నో కిటుకులు కనిపెట్టి ఉంటారు. వాళ్ళలో మనకి పేర్లు తెలిసినవాళ్ళు ఎంతమంది? దాచినవాళ్ళ పేర్లు పోయాయి, ఇచ్చినావిడ పేరు పద్ధతికే అతుక్కుంది. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క ముక్కలో ఉంది.

నెట్ వచ్చాక ఈ పంపకం ఊపందుకుంది. కిటుకులతో పాటు జాగ్రత్తలు కూడా పాకాయి. ఇది చిన్న విషయం కాదు. క్లేని మాడనిస్తే పీవీసీ విడిపోయి హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, అది పీల్చకూడని వాయువు. అందుకే ఓవెన్ ముల్లుని నమ్మకుండా వేరే థర్మామీటరు పెట్టుకోమని మంచి పాఠాలన్నీ చెబుతాయి. 2002లో అమెరికాలో ఒక వినియోగదారుల సంఘం క్లేలోని థాలేట్ల మీద నివేదిక తెచ్చింది. 2008లో అక్కడి చట్టం పిల్లల వస్తువుల్లో కొన్ని థాలేట్లని 0.1 శాతానికి మించకూడదంది. కంపెనీలు మిశ్రమాలు మార్చుకున్నాయి. పాదరసం ఆవిరి మధ్య అద్దాలు చేసిన మురానో పనివాళ్ళకి ఏ జాగ్రత్తలు ఎవరు చెప్పారు? దాపరికం ఉన్న చోట ప్రమాదాలు కూడా దాగుతాయి.

ఇంతా చెప్పి రెండో వైపు చెప్పకపోతే అన్యాయం. మురానో గుట్టు కొన్ని వందల కుటుంబాలకి తరతరాలుగా అన్నం పెట్టింది. పాలిమర్ క్లే పాఠం ఊరికే ఇచ్చినావిడకి అంత భరోసా ఎవరిచ్చారు? పాఠం రాయడానికి పట్టే రోజుల లెక్క ఎవరూ అడగరు. పాఠంలోని డిజైన్ని మక్కీకి మక్కీ చేసి తమ పేరుతో అమ్మేవాళ్ళూ ఉన్నారు. చట్టం కూడా ఇక్కడ సగమే ఆదుకుంటుంది. పాఠం రాసిన మాటలకీ, తీసిన ఫోటోలకీ కాపీరైట్ ఉంటుంది, పద్ధతికి ఉండదు. కాబట్టి పద్ధతి ఊరికే తీసుకున్నవాడు తిరిగి ఇవ్వగలిగింది ఒకటే, నేర్పినవాళ్ళ పేరు చెప్పడం. డబ్బు ఖర్చు లేని ఆ పని కూడా చెయ్యకపోతే నేర్పేవాళ్ళు మళ్ళీ తలుపులు వేసుకుంటారు. అందులో వాళ్ళ తప్పేమీ ఉండదు.

పూసల సంగతి చెబుతూ మన ఊరు ఊసెత్తకపోతే ఎలా? శ్రీకాళహస్తి దగ్గర, ఏర్పేడు మండలంలో పాపానాయుడుపేట అని ఒక ఊరుంది. 2022 దాకా చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. పూసల చరిత్ర చదివే ప్రపంచమంతా ఆ పేరు వింటే తలెత్తి చూస్తుంది. అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ 1980లలో అక్కడి గాజు పూసల పనిని చూసి రాశాడు. లాడ అని పిలిచే పొడుగాటి ఇనప గొట్టం చివర కరిగిన గాజు ముద్దని ఎక్కించి, మధ్యలో బోలు ఉండేలా చేసి, కొలిమికి అవతల ఉన్న మనిషి ఆ గాజుని సన్నటి గొట్టంలా చేతులు మార్చి మార్చి లాగుతూనే ఉంటాడు. ఆ గొట్టాల్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, కన్నాలు పూడిపోకుండా బూడిద దట్టించి, మళ్ళీ వేడి చేస్తే అంచులు గుండ్రబడి పూసలవుతాయి.

పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రెండు వేల ఏళ్ళ కిందట చేసిన పూసలది ఇదే పద్ధతి అని ఫ్రాన్సిస్ చూపించాడు. తూర్పు ఆఫ్రికా నుంచి కొరియా, జపాన్ దాకా తవ్వకాల్లో దొరికే ఆ చిన్న పూసలకి ఇండో పసిఫిక్ పూసలు అని పేరు పెట్టింది ఆయనే. ఆలోచించండి. మురానోలో కొలిమి వెలగకముందే మన తీరం నుంచి ఓడలెక్కి అంత దూరం వెళ్ళిన విద్య అది. వెనిస్‌లా దానికి చట్టాల కాపలా ఉన్న దాఖలా లేదు. చేతి నుంచి చేతికి, ఇంటి నుంచి ఇంటికి వచ్చింది. దాని గురించి వివరంగా తెలుసుకోవాలంటే మాత్రం నేను ఇంగ్లీషు పుస్తకాలే తెరవాల్సి వచ్చింది.

చూశారా, విద్య పోవడానికి దాపరికమే అక్కర్లేదు. ఎవరూ రాయకపోయినా పోతుంది. ఫిమో ముద్దతో నక్షత్రం పూస ఎలా చెయ్యాలో గుంటూరులో ఉన్న అమ్మాయికి పది నిమిషాల్లో తెలుస్తుంది, సంతోషమే. పాపానాయుడుపేటలో గాజు గొట్టం ఎలా లాగారో అదే అమ్మాయి తన భాషలో చదువుకోగలగాలి కదా. మన దగ్గర కెమెరాలున్నాయి, తెలుగులో టైపు చేసే వీలుంది, శనాదివారాలున్నాయి. ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒక చేతిపని తెలిసిన పెద్దాయనో, పెద్దావిడో ఉంటారు. లక్కబొమ్మలు కావచ్చు, కలంకారీ కావచ్చు, బుట్టలల్లడం కావచ్చు. ఈసారి ఊరెళ్ళినప్పుడు వాళ్ళ దగ్గర ఓ పూట కూర్చుని, అడిగి, వాళ్ళు ఒప్పుకున్నంత మేర అడుగడుగునా రాసి పెట్టండి. ఏ పనిముట్టు, ఎంత వేడి, ఎటు వైపు మడత, అన్నీ.

పైన వాళ్ళ పేరు రాయడం మాత్రం మర్చిపోవద్దు.